కంచ గచ్చిబౌలి: అసలు మలుపు 2015లోనే

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి భూమి గొడవ 2025లో మళ్లీ రాజుకుంది. 2004లో ఎవరికి కేటాయించారు, 2006లో ఎందుకు రద్దు చేశారు అన్నది చాలాసార్లు విన్నదే కాబట్టి వదిలేద్దాం. 400 ఎకరాలూ తనవేనని 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ప్రభుత్వం గెలుచుకుంది. ఆ హక్కు సంగతి ఇక్కడ మాట్లాడటం లేదు. పేచీ అక్కడి చెట్లతో, బండలతో వచ్చింది.

యూనివర్సిటీ వైపున్న మష్రూమ్ రాక్ అనే బండ ఒకప్పుడు హుడా (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) వారసత్వ జాబితాలో ఉండేది. ఎక్కడ ఏం కట్టుకోవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనల్లో 1995లో చేర్చిన 13వ నిబంధన పాత భవనాలతో పాటు తొమ్మిది చోట్ల రాళ్లనూ కాపాడింది. మౌలాలీ దగ్గరి రాళ్లు, దుర్గం చెరువు బండలు అందులోవే. వాటిని ముట్టుకోవాలంటే వారసత్వ పరిరక్షణ కమిటీ సలహా తీసుకుని హుడా అనుమతి ఇవ్వాలి. 250 కోట్ల ఏళ్ల నాటి రాయిని కూడా చార్మినార్ లాగే వారసత్వంగా లెక్కగట్టిన నిబంధన మన దేశంలో అరుదు.

అంతకుముందు ఈ రాళ్లను కాచింది కథలే. గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని యాఖూత్‌కి 1578లో కల వచ్చిందట. ఆకుపచ్చ బట్టలు కట్టుకున్న మనిషి పిలిచి గుట్ట మీదికి తీసుకెళ్తే, అక్కడ హజ్రత్ అలీ రాతి మీద చెయ్యి ఆనించి కూర్చున్నారట. తెల్లారి వెళ్లి చూస్తే రాతి మీద చెయ్యి గుర్తు! ఆ నమ్మకంతోనే మౌలాలీ దర్గా వెలిసింది. అదే ప్రాంతంలో ఇనుప యుగపు సమాధులు కూడా బయటపడ్డాయి. హష్మత్‌పేటలో ఉన్నవీ అలాంటివే. ఊళ్లలో వీటిని రాకాసి గుళ్లు అంటారు. రాకాసి పేరు చెబితే రాయి పీకడానికి ఎవరు ముందుకొస్తారు? క్వారీ కాంట్రాక్టర్లకు మాత్రం ఆ భయం లేదు.

అందుకే 2015 డిసెంబరును అసలు మలుపు అంటున్నాను. ఆ నెల ఒక్క జీవోతో 13వ నిబంధనను తీసేశారు. కొత్త వారసత్వ చట్టం 2017లో గానీ రాలేదు. వచ్చాక చూస్తే, పాత జాబితాలోని భవనాల్లో చాలావాటికి అందులో చోటే లేదు. అసెంబ్లీ కోసం కూల్చాలనుకున్న పాత ప్యాలెస్ ఇర్రం మంజిల్ 2019లో హైకోర్టు తీర్పుతో బతికింది. భవనం కాబట్టి దాని కోసం కోర్టుకెక్కేవాళ్లు దొరికారు. బండల తరఫున కొట్లాడిందల్లా కొద్దిమంది రాళ్ల ప్రేమికులే.

2025 ఉగాది నాడు కంచ గచ్చిబౌలిని చదును చేయడానికి జేసీబీలు దిగాయి. అడ్డుపడ్డ విద్యార్థులను పోలీసులు ఎత్తుకెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. మష్రూమ్ రాక్‌ను అలాగే ఉంచుతామని ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ ప్రకటించింది. పాత నిబంధనే ఉండి ఉంటే ఆ సంగతి ముందుగానే వారసత్వ కమిటీకి చెప్పాల్సి వచ్చేది.