పొద్దుగూకేలోగా పైబట్ట తిరిగివ్వాలి: హీబ్రూ ధర్మశాస్త్రంలో అప్పు కథ

1960లో ఇజ్రాయెల్ మధ్యధరా తీరంలో, యవ్నే-యామ్ దగ్గరి ఒక చిన్న కోట శిథిలాల్లో సిరాతో రాసిన కుండపెంకు దొరికింది. క్రీ.పూ. ఏడో శతాబ్దం చివరి నాటిది. కోత పని చేసే కూలీ ఒకడు అధికారికి పెట్టుకున్న అర్జీ అది. నా వంతు కోత కోసి గాదెకు చేర్చాను, అయినా షోబాయి కొడుకు హోషాయాహు నా బట్ట లాక్కుపోయాడు, తోటి కూలీలు సాక్ష్యం చెబుతారు, నా బట్ట నాకు ఇప్పించండి అని దాని సారాంశం. అధికారి ఏం చేశాడో పెంకులో లేదు.

బట్ట కోసం ఇంత గోల ఎందుకంటే, అప్పట్లో పేదవాడి పైబట్టే రాత్రికి దుప్పటి. అందుకే దాన్ని కుదువ పెట్టుకుంటే పొద్దుగూకేలోగా తిరిగిచ్చేయాలని బైబిల్లోని హీబ్రూ ధర్మశాస్త్రంలో భాగమైన నిర్గమకాండం 22వ అధ్యాయం చెప్పింది. ఇవ్వకపోతే ఆ మనిషి దేవుడికి మొరపెడతాడు, దేవుడు వింటాడు. అక్కడ జరిమానా ఊసే లేదు. అదే ధర్మశాస్త్రంలోని ద్వితీయోపదేశకాండం 24 ఇంకా లోతుకు వెళ్లింది. తాకట్టు వస్తువు కోసం అప్పిచ్చినవాడు బాకీదారు ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి. తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదు, విధవరాలి బట్ట అసలే ముట్టకూడదు. వడ్డీవ్యాపారి నడవడి బాగా ఎరిగినవాళ్లు రాసిన నిబంధనలివి.

పేదలకు న్యాయం అన్న మాట యూదుల పూర్వీకులైన హీబ్రూలతోనే పుట్టలేదు. అనాథకూ విధవరాలికీ న్యాయం చేస్తానని బబులోను రాజు హమ్మురాబి అంతకుముందే శాసనంలో చెక్కించుకున్నాడు. అతని వంశంవాడే అయిన బబులోను రాజు అమ్మీసదూక క్రీ.పూ. 17వ శతాబ్దంలో బార్లీ, వెండి అప్పులు రద్దు చేశాడు. కానీ అక్కడ మాఫీ రాజుగారి దయ. ద్వితీయోపదేశకాండం 15 మాత్రం ప్రతి ఏడో ఏడూ మాఫీ అని గడువు కట్టేసింది, రాజుతో పనే లేకుండా. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

మరి అమలైందా? క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలో, రెండో యరొబాము రాజు పాలనలో ఉత్తరాన ఇజ్రాయెల్ రాజ్యంలో డబ్బు బాగా ఆడుతున్న రోజుల్లో, దక్షిణాన యూదాలోని తెకోవ ఊరి నుంచి వచ్చిన ప్రవక్త ఆమోసు తిట్టింది సరిగ్గా ఈ విషయం మీదే: తాకట్టు పట్టిన బట్టల మీద బలిపీఠాల పక్కనే పడుకుంటున్నారు, జత చెప్పుల కోసం పేదవాణ్ణి అమ్ముతున్నారు అని. బబులోను సేన మీదికి వచ్చినప్పుడు యూదా రాజు సిద్కియా, ప్రజలు బానిసల్ని విడిపించారు. ముట్టడి కాస్త సడలగానే మళ్లీ పట్టుకొచ్చుకున్నారు. బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 34లో ఉంది ఈ నిర్వాకం. ఆ తర్వాత యూదా అధిపతి నెహెమ్యా కాలంలో, క్రీ.పూ. ఐదో శతాబ్దంలో, పొలాలూ ద్రాక్షతోటలూ పోయి, పిల్లల్ని దాస్యానికి అప్పగించిన యూదులు గొడవకు దిగారు. అప్పులిచ్చిందీ యూదులే.

ఈ న్యాయం అందరికీ కాదన్నదీ చెప్పాలి. పరదేశి దగ్గర వడ్డీ తీసుకోవచ్చు. అన్యజనుల నుంచి కొన్న బానిసల్ని పిల్లలకు ఆస్తిగా ఇవ్వవచ్చని లేవీయకాండం 25 అంటుంది.

మాఫీకి ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఏడో ఏడు దగ్గరపడితే పేదవాడికి అప్పు పుట్టేది కాదు. అలా చెయ్యొద్దని ద్వితీయోపదేశకాండం ముందే హెచ్చరించినా జనం వినలేదు. చివరికి యెరూషలేము పండితుడు హిల్లెల్ ప్రోజ్బుల్ అనే పత్రం తెచ్చాడని యూదుల ధర్మ సంకలనం మిష్నా చెబుతుంది. బాకీని న్యాయాధికారులకు అప్పగిస్తున్నట్టు రాసుకుంటే, ఏడో ఏడు దాటాక కూడా వసూలు చేసుకోవచ్చు.