అటక మీది సామాను: కొనేవాడి వైపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

పండగ ముందు బూజు దులిపే రోజుల్లోనూ, పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేటప్పుడూ నాకు ఫోన్లు ఎక్కువగా వస్తాయి. "మా తాతగారి నాటి బిళ్లలు ఉన్నాయండీ, ఎన్ని లక్షలు వస్తాయి?" అని. పాత నాణేలు, కాగితాలు, లోహపు సామాను కొని అమ్మడం నా పని. కొనేవాణ్ణి కాబట్టి నా మాటల్ని కాస్త అనుమానంతోనే వినండి, తప్పులేదు. ఎవరికి అమ్మినా ఇద్దరు ముగ్గురిని అడిగాకే అమ్మండి.

అపోహ: ఎంత పాతదైతే అంత ధర.

అందరూ ముందు అడిగేది ఇదే. 1862 అని ఉన్న విక్టోరియా రాణి రూపాయి తెచ్చి, నూట అరవై ఏళ్ల పైమాటే కదా అంటారు. నిజమే, కానీ ఆ 1862 అంకెను మార్చకుండా 1874 దాకా కొడుతూనే పోయారు. అందుకే అవి కుప్పలుగా ఉన్నాయి. మామూలు స్థితిలో ఉన్నదానికి వెండి ధర మీద కొంచెం ఎక్కువ వస్తుంది, అంతే. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ కాలణా రాగి బిళ్లలదీ అదే సంగతి. వాటికంటే ఎంతో తర్వాతిదైన 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి కోసం మాత్రం కలెక్టర్లు, అంటే పాత వస్తువులు సేకరించేవాళ్లు, పోటీ పడతారు, ఎందుకంటే అది చాలా అరుదు. అందుకే 1938 అంకెలో ఎనిమిదిని తొమ్మిదిగా గీకిన దొంగ నాణేలు కూడా వస్తుంటాయి. భూతద్దంలో ఆ ఒక్క అంకె చుట్టూ లోహం చెదిరినట్టు కనిపిస్తే వదిలేయండి.

తెలంగాణ ఇళ్లలో పెద్దవాళ్లు హాలీ రూపాయి అనే నిజాం రాజ్యపు నాణెం, చార్మినార్ బొమ్మ ఉన్నది, ఇంకా దొరుకుతూనే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంటే చార్మినార్ నడిమి గుమ్మంలోకి చూడండి. అక్కడ ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ అనే అక్షరమైతే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపుది, ఐన్ అనేదైతే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఆ ఐన్‌లోనూ పొట్టిది, నిండుది అని తేడాలున్నాయి. ఏడాదిని బట్టి, ఈ తేడాను బట్టి ధర మారుతుంది. తారీఖు హిజ్రీలో, అంటే ముస్లిం క్యాలెండర్ లెక్కలో, ఉంటుంది కాబట్టి 1330 చూసి "ఏడు వందల ఏళ్ల నాటిది" అని సంబరపడకండి.

అపోహ: తోమి మెరిపిస్తే మంచి రేటు వస్తుంది.

నా దగ్గరికి వచ్చే వస్తువుల్లో ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. నాణేన్ని చింతపండుతోనో, ఇత్తడి పొడితోనో రుద్దితే పైన ఏళ్ల తరబడి పట్టిన రంగు పోతుంది. సన్నటి గీతలు పడతాయి, అక్షరాల అంచులు అరుగుతాయి. పోయిన రంగును మళ్లీ ఎవరూ తేలేరు. కలెక్టర్ చూడగానే "కడిగారు" అని పక్కన పెట్టేస్తాడు.

బిద్రీ సామాను గురించి చెప్పాలంటే బాధేస్తుంది. అది జింకులో కొద్దిగా రాగి కలిపిన లోహం. మీద వెండి తీగ పొదుగుతారు. చివర్లో బీదరు కోట మట్టిలో నవసాగరం కలిపిన నీళ్లలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. అందమంతా ఆ నలుపులోనే ఉంది. దాన్ని మసి అనుకుని స్క్రబ్బర్‌తో తోమి, బూడిద రంగు డబ్బాగా మార్చి తెచ్చేవాళ్లు ఎందరో. హుక్కా బుడ్డి, పాన్‌దాన్ లాంటివి ఇంట్లో ఉంటే మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిచి ఊరుకోండి. మామూలు గుండిగలు, గంగాళాలు మాత్రం ఎంత తోమినా నష్టం లేదు. వాటిని చాలామటుకు కిలోల లెక్కనే కొంటారు.

అపోహ: రాముడి బిళ్ల, 786 నోటు, బియ్యం లాగే చెంబు కోట్లు చేస్తాయి.

సీతారామలక్ష్మణులు, హనుమంతుడు ఉండి 1818 అని రాసిన బిళ్లను ఈస్టిండియా కంపెనీ ఎప్పుడూ కొట్టలేదు. తర్వాతి కాలంలో ఎవరో చేసి అమ్మినవి అవి. పూజలో పెట్టుకోండి, ధర అడగకండి. వైష్ణోదేవి అమ్మవారి 2012 నాణెం కూడా మామూలుదే.

ఈ నమ్మకం వల్ల డబ్బు రాకపోవడం ఒక్కటే కాదు, ఉన్నదీ పోతుంది. ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టగానే మోసగాళ్లు "నలభై లక్షలకు కొంటాం" అంటారు. రిజర్వ్ బ్యాంక్ ముద్ర వేసిన ఉత్తరం వాట్సాప్‌లో వస్తుంది. తర్వాత రిజిస్ట్రేషన్ చార్జీ, జీఎస్టీ అని మొదలవుతుంది. పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదనీ, ఎవరినీ కమిషన్ అడగబోమనీ రిజర్వ్ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగడమేంటి?

రైస్ పుల్లింగ్ సంగతి మరీ ఘోరం. పిడుగు పడి రాగి చెంబు ఇరిడియం అనే ఖరీదైన లోహం అయిందంటారు. బియ్యానికి ఇనుప పొడి పట్టించి, చెంబులో అయస్కాంతం దాచి చూపిస్తారు. పాత టీవీలో రెడ్ మెర్క్యురీ అనే ఖరీదైన పదార్థం ఉంటుందనేదీ ఇదే బాపతు.

అపోహ: కాగితాలు చెత్త, పాత గ్రామఫోన్ రికార్డులన్నీ బంగారం.

ఇత్తడి గరిటెను కూడా లెక్కపెట్టి పంచుకునేవాళ్లు ట్రంకు పెట్టెలోని ఉత్తరాలను మాత్రం పొయ్యిలో వేస్తారు. హైదరాబాద్ రాష్ట్రానికి 1950 దాకా సొంత తపాలా బిళ్లలుండేవి. ఆ బిళ్ల కవరు మీద, ఊరి ముద్రతో సహా ఉంటే దాని విలువ వేరు. పిల్లల ఆల్బమ్ కోసం కత్తిరించారంటే చాలాసార్లు ఆ విలువ సగం కూడా మిగలదు. నిజాం కాలపు స్టాంపు పేపర్లు, రేడియో లైసెన్సు పుస్తకాలు, నాటకాల కరపత్రాలు, అగ్గిపెట్టె లేబుళ్లు, వీటన్నిటికీ కొనేవాళ్లున్నారు. లామినేషన్ మాత్రం చేయించకండి.

రికార్డుల్లో మామూలు హిట్ సినిమా పాటలవి అందరి దగ్గరా ఉంటాయి. పాత నాటక పద్యాలు, హరికథల లక్క రికార్డులు గీతలు పడకుండా ఉంటే అడుగుతారు. ఇంకో విచిత్రం, మిగతా దేశాలు నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతరకం రికార్డులు మానేసే రోజుల్లో మన దగ్గర బీటిల్స్ పాటలు 78 రికార్డులుగా వచ్చాయి. విదేశీ కలెక్టర్లు వాటి కోసం వెతుకుతారు. కుక్క బొమ్మ వేసిన, తళతళలాడే ఇత్తడి గొట్టం గ్రామఫోన్లు మాత్రం నూటికి తొంభై పాళ్లు షోకేసు కోసం ఈమధ్య చేసినవే.

అపోహ: మన ఇంట్లోది, మన ఇష్టం.

అంత తేలిక కాదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహం, నాణెం, చిత్రం లాంటివి పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు డెబ్బై ఐదేళ్లు చాలు. వీటిని సొంతంగా దేశం దాటించడం నేరం. అమ్మమ్మగారి కంచు విగ్రహాన్ని డాలస్ పంపే ముందు పురావస్తు శాఖకు చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోండి. గోడ తవ్వితే లంకెబిందె దొరికిందనుకోండి, 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. పది రూపాయల విలువ దాటితే జిల్లా కలెక్టర్‌కు తెలపాలి. దంతపు బొమ్మలు, జింక కొమ్ములు నేను ముట్టను, మీరూ అమ్మకానికి పెట్టకండి.

ఫోటో పంపి ధర అడిగేవాళ్లకు ఒక మాట. రెండు వైపులా పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. నాణెమైతే కంసాలి కాటా మీద తూచి బరువు రాయండి. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు ఉంటుంది. బాగా తేడా వస్తే పోతపోసిన నకలేమో చూడాలి. ఏడాది కూడా రాయండి. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది, 1947 రూపాయిలో ఉన్నది నికెల్.