అమెరికా గూడ్స్ రైళ్ల విలీనాలు: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో ప్లాస్టిక్ గుళికలను వ్యాగన్లలో ఎక్కించి పంపే పని నాది. మా ప్లాంటు దాకా వచ్చే రైలు పట్టా ఒక్కటే, అది యూనియన్ పసిఫిక్‌ది. పడమటి రాష్ట్రాల్లో నడిచే ఆ కంపెనీ, తూర్పున నడిచే నార్ఫోక్ సదరన్ రైల్వేను 8,500 కోట్ల డాలర్లకు కలుపుకుంటానని 2025 జూలైలో ప్రకటించింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఇవే మాటలు అంటున్నారు.

అపోహ: అంత పెద్ద కంపెనీ తన పట్టాలన్నీ తానే వేసుకుని ఉంటుంది.

వాస్తవం: యూనియన్ పసిఫిక్ 1869 నాటికి వేసింది ఒమాహా నుంచి యూటాలోని ప్రొమాంటరీ దాకా, దాదాపు 1,750 కి.మీ. ఇవాళ 23 రాష్ట్రాల్లో 51 వేల కి.మీ.కు పైగా ఉంది. అందులో చాలా భాగం కొనుక్కున్నదే. 1980లో స్టాగర్స్ చట్టం రైలు రవాణా రేట్లపై ప్రభుత్వ పట్టు సడలించాక 1982లో మిస్సోరి పసిఫిక్, వెస్టర్న్ పసిఫిక్, 1988లో కేటీ (మిస్సోరి-కాన్సస్-టెక్సాస్ రైల్వే), 1995లో షికాగో అండ్ నార్త్ వెస్టర్న్, 1996లో సదరన్ పసిఫిక్ వచ్చి చేరాయి.

అపోహ: సంతకాలైతే చాలు, రైళ్లు వాటంతటవే కలిసిపోతాయి.

వాస్తవం: మా ఫీల్డులో ఈ మాట వింటే ఎవరికైనా 1997లో, సదరన్ పసిఫిక్‌ను కలుపుకున్న మరుసటి ఏడాది, టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో రైళ్లు స్తంభించిపోవడం గుర్తొస్తుంది. సదరన్ పసిఫిక్‌కు ఇంజిన్లు, సిబ్బంది అప్పటికే చాలడం లేదు. రెండు కంపెనీల కంప్యూటర్లూ వేర్వేరు, దాంతో ఏ వ్యాగన్ ఎక్కడుందో తెలియని పరిస్థితి. హ్యూస్టన్‌లోని ఎంగిల్‌వుడ్ యార్డు నిండిపోయింది. లోపలికి రాలేని రైళ్లను బయట లూప్ లైన్లలో ఆపారు. ఆ లూపులూ నిండాక ఎదురు రైళ్లకు దారి లేకుండా పోయింది. డ్యూటీ 12 గంటలు దాటకూడదని చట్టం, అందుకని సిబ్బంది రైలును ఉన్నచోటే వదిలి దిగాల్సి వచ్చేది. అక్టోబరు చివర్లో రైల్వేల నియంత్రణ సంస్థ ఎస్‌టీబీ అత్యవసర ఉత్తర్వు ఇచ్చింది. అది 1998 ఆగస్టు దాకా నడిచింది. ఆ విలీనంతో మంచీ జరిగింది: టెక్సాస్, అర్కాన్సా మధ్య పక్కపక్కనే ఉన్న రెండు కంపెనీల లైన్లలో ఒకదాన్ని వెళ్లే రైళ్లకు, ఇంకోదాన్ని వచ్చే రైళ్లకు కేటాయించగలిగారు. కానీ ముందు ఆ నెలలన్నీ గడవాల్సి వచ్చింది.

అపోహ: డబ్బున్న కంపెనీ అడిగితే ప్రభుత్వం ఒప్పుకుంటుంది.

వాస్తవం: ఒకసారి చేతికొచ్చిన సదరన్ పసిఫిక్‌నే కోర్టు తీర్పుతో యూనియన్ పసిఫిక్ 1913లో వదులుకుంది. 1986లో శాంటా ఫే, సదరన్ పసిఫిక్ విలీనాన్ని అప్పటి నియంత్రణ సంస్థ ఐసీసీ తిరస్కరించింది. అప్పటికే ఇంజిన్లకు ఉమ్మడి రంగులు కూడా వేయడం మొదలైంది! 2001 నుంచి నిబంధన ఇంకా గట్టిది: పోటీ తగ్గకుండా చూస్తే చాలదు, పెరుగుతుందని చూపించాలి.

అపోహ: కంపెనీలు కలిస్తే ఛార్జీలు తగ్గుతాయి, లేదా తప్పకుండా పెరుగుతాయి.

వాస్తవం: రెండూ తొందరపాటు మాటలే. మీ గేటు దాకా ఎన్ని కంపెనీలు రాగలవన్నదే అసలు లెక్క. 1996లో రెండు రైల్వేలు ఉన్నచోట ఒకటే మిగిలే కస్టమర్ల కోసం, దాదాపు 6,400 కి.మీ. మేర పోటీ రైల్వే బీఎన్‌ఎస్‌ఎఫ్‌కు చోటివ్వాలని ఎస్‌టీబీ షరతు పెట్టింది. ఎక్కువ భాగం యూనియన్ పసిఫిక్ పట్టాల మీదే రైళ్లు నడుపుకునే హక్కు. మాలాంటి ఒకే పట్టా ఉన్నవాళ్లకు ఆ షరతు వర్తించలేదు. అందుకే ఈసారి దరఖాస్తులో నేను ముందుగా వెతికేది మాలాంటి గేట్లకు ఇంకో రైల్వే వచ్చే దారి ఇస్తారా లేదా అని. నా దృష్టిలో తీరం నుంచి తీరానికి ఒకే కంపెనీ అన్న గొప్ప దాని తర్వాతే.