ఇంట్లో కూర్చుని ఎమ్మెస్‌డబ్ల్యూ: అపోహలు, వాస్తవాలు

జనవరి, జులై అడ్మిషన్లు మొదలయ్యాయంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "మేడమ్, జాబ్ చేస్తున్నాను, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఆన్‌లైన్‌లో చేస్తే పనికొస్తుందా?" నేను గుంటూరు వైపు ఒక స్వచ్ఛంద సంస్థలో పిల్లల రక్షణ పని చేస్తాను. దూరవిద్యలో చదివే వాళ్లు ఫీల్డ్ వర్క్‌కి, అంటే జనంతో నేరుగా పనిచేసి నేర్చుకోవడానికి, మా దగ్గరకి వస్తుంటారు, వాళ్లకి ఏజెన్సీ సూపర్వైజర్‌గా ఉంటాను, అంటే సంస్థ తరఫున వాళ్ల పని చూసి దిద్దే మనిషిని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు, ఎక్కువగా వినిపించే మాటలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: రెగ్యులర్ కాకపోతే ఆ డిగ్రీ చెల్లదు.

చెల్లుతుంది. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2020 సెప్టెంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ తీసుకున్న డిగ్రీ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానం. ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, లా లాంటివి ఈ పద్ధతిలో చెప్పకూడదని అదే నిబంధనల్లో ఒక జాబితా ఉంది, అందులో సోషల్ వర్క్ లేదు. అసలు దూరవిద్య మనకి కొత్తేమీ కాదు, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది (ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం), ఢిల్లీలోని ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నో, వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకి.

ఇంకో చిన్న సంగతి. చాలామంది "ఆన్‌లైన్" అంటున్నది నిజానికి దూరవిద్యని. ఇగ్నో ఎమ్మెస్‌డబ్ల్యూనే తీసుకోండి, అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెడతాం, పుస్తకాలు ఫోన్‌లో చదువుకోవచ్చు, కానీ అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి, పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఏ డిగ్రీ చేసిన వాళ్లయినా చేరొచ్చు, తక్కువలో తక్కువ రెండేళ్లు పడుతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన వాళ్లకి మొదటి ఆరు నెలలు ఆ ఇంగ్లీషు పుస్తకాలతో చాలా టెన్షన్‌గా ఉంటుంది. అది తెలివి తక్కువై కాదు, అలవాటు లేక. రోజుకి రెండు పేజీలు చదివి తెలుగులో నోట్సు రాసుకున్న వాళ్లు గట్టెక్కడం నేను చూశాను.

అపోహ: ఫీల్డ్ వర్క్ ఏముంది, నాలుగు రిపోర్టులు రాసిచ్చేస్తే సరిపోతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. పాఠాలు ఆన్‌లైన్‌లో వినొచ్చు, సిద్ధాంతాలు ఎక్కడ కూర్చునైనా చదవొచ్చు, కానీ ఒక మనిషి ఇంటి గుమ్మం దగ్గర నిలబడి ఏం అడగాలో, ఏం అడగకూడదో ఏ వీడియో నేర్పదు.

ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తూ ఎమ్మెస్‌డబ్ల్యూ చదివే ఒకమ్మాయి మా దగ్గరకి వచ్చింది. ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన ఒక పాప ఇంటికి హోమ్ విజిట్‌కి పంపాను. మొదటిసారి వెళ్లి ఫారం నింపుకుని వచ్చేసింది. కారణం అన్న చోట "ఆర్థిక ఇబ్బందులు" అని రాసింది. మళ్లీ వెళ్లమన్నాను. రెండోసారి ఆ తల్లి "అంతా బానే ఉంది మేడమ్, వచ్చే ఏడాది పంపిస్తాం" అని పంపేసింది. మూడోసారి వెళ్లేటప్పుడు ఫారం, ఫైలు ఆఫీసులోనే వదిలేసి వెళ్లమన్నాను. మిరప సీజన్ అది. ఆ తల్లి నలుగురైదుగురు ఆడవాళ్లతో కలిసి కాయల తొడిమలు తీస్తోంది. ఈ అమ్మాయి కూడా పక్కన కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. ఘాటుకి ఇద్దరికీ తుమ్ములు, కళ్లల్లో నీళ్లు. గంట గడిచాక ఆ తల్లి నోట్లో "మేడమ్" పోయి "అమ్మాయ్" వచ్చింది, అసలు విషయం అప్పుడు బయటపడింది. మూడేళ్ల తమ్ముడిని చూసుకోవడానికి పాపని ఇంట్లో పెట్టారు. ఇంట్లో ఎలాగూ ఉంది కదా అని మేనత్త సంబంధం మాట మొదలుపెట్టింది. పాపకి పదమూడేళ్లు.

బాబుని అంగన్‌వాడీలో చేర్పించి, సాయంత్రం నానమ్మ తీసుకొచ్చేలా ఒప్పించి, పాపని కస్తూర్బా విద్యాలయంలో చేర్చడానికి మాకు దాదాపు రెండు నెలలు పట్టింది. ఇందులో ఏ ఒక్క పనీ "ఆర్థిక ఇబ్బందులు" అన్న రెండు మాటల్లోంచి పుట్టేది కాదు. పుస్తకంలో సోషల్ కేస్ వర్క్ (ఒక్కో మనిషి సమస్య మీద విడిగా పనిచేసే పద్ధతి) అన్న అధ్యాయం ఉంటుంది, దాన్ని ఈ అమ్మాయి అంతకుముందే చదివి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. అర్థమైంది మాత్రం ఆ మిరపకాయల దగ్గరే.

మా సంస్థలో ఇంటర్వ్యూలకి నేనూ కూర్చుంటాను. డిగ్రీ ఏ పద్ధతిలో చేశారన్నది సర్టిఫికెట్లు సరిచూసేటప్పుడు చూస్తాం తప్ప ఎంపిక దాని మీద ఉండదు. నేను అడిగేది ఒకటే, మీరు చేసిన ఒక కేసు చెప్పండి అని. నిజంగా చేసిన వాళ్లు ఆపకుండా పది నిమిషాలు చెబుతారు, ఎక్కడ తప్పు చేశారో కూడా చెబుతారు. కాపీ కొట్టి రాసిన వాళ్లు రెండో ప్రశ్నకే ఆగిపోతారు, అందులో రెగ్యులర్ కాలేజీ వాళ్లూ ఉంటారు.

అపోహ: స్టడీ సెంటర్ వాళ్లే అన్నీ చూసుకుంటారు.

మా టౌన్లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఒక కుర్రాడి దగ్గర ఫీజు మొత్తం ఒకేసారి తీసుకుని, ఫీల్డ్ వర్క్ కూడా మేమే రాయించి పెడతాం అన్నారు. ఆ యూనివర్సిటీకి ఆ ఏడాది ఎమ్మెస్‌డబ్ల్యూ దూరవిద్యలో చెప్పడానికి అనుమతే లేదని అతనికి ఏడాది తర్వాత తెలిసింది. డబ్బు, కాలం రెండూ పోయాయి. యూజీసీ నిబంధనల్లో ఫ్రాంచైజీ సెంటర్లకి చోటు లేదు. అనుమతి కూడా యూనివర్సిటీ మొత్తానికి కాకుండా ఏ కోర్సుకి ఆ కోర్సుకి ఇస్తారు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ జాబితా ఉంటుంది, మీరు చేరే సెషన్ పక్కన ఎమ్మెస్‌డబ్ల్యూ అని కనిపిస్తేనే ఫీజు కట్టండి, అది కూడా నేరుగా యూనివర్సిటీకి. ఏడాదిలో డిగ్రీ, పాత తేదీతో సర్టిఫికెట్ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అపోహ: ఎమ్మెస్‌డబ్ల్యూ ఉంటే మానసిక ఆసుపత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అయిపోవచ్చు.

కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఆ పదానికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది: సోషల్ వర్క్‌లో పీజీ, దాని మీద సూపర్వైజర్ కింద క్లినికల్ శిక్షణతో రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్. ఆసుపత్రి వైపు వెళ్లాలనుకునే వాళ్లు ఇంకో మార్పు కూడా గమనించాలి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఉన్నారు. ఆ చట్టం కిందికి వచ్చే కోర్సులని 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పొద్దని యూజీసీ ఆదేశించింది. కాబట్టి పేరులో మెడికల్, సైకియాట్రీ అని ఉన్న స్పెషలైజేషన్ ఆన్‌లైన్‌లో ఎవరైనా ఇస్తామంటే వెంటనే చేరిపోకండి, యూజీసీ జాబితా చూడండి. ఆసుపత్రిలోనే పనిచేయాలని మీ మనసులో గట్టిగా ఉంటే రెగ్యులర్‌గా చదవండి, నా సలహా అదే.

అపోహ: అమెరికాలో ఉన్నాను, ఇండియా ఆన్‌లైన్ డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీస్ చేసుకుంటాను.

అక్కడ ఉన్న మన అమ్మాయిలు చాలామంది అడుగుతారు. మన దగ్గర సోషల్ వర్కర్‌కి లైసెన్స్ పద్ధతి లేదు, అక్కడ రాష్ట్రానికో లైసెన్స్. సీఎస్‌డబ్ల్యూఈ అనే మండలి గుర్తించిన కాలేజీలో చదివి ఉండాలి, బయటి దేశం డిగ్రీ అయితే ఆ మండలి చేతే విలువ కట్టించుకోవాలి. అక్కడా ఆన్‌లైన్ ఎమ్మెస్‌డబ్ల్యూలు ఉన్నాయి, కానీ పాఠాలు లాప్‌టాప్‌లో విన్నా 900 గంటల ఫీల్డ్ వర్క్ మాత్రం తప్పదు. అక్కడే ఉండిపోయే ఆలోచన ఉంటే అక్కడి డిగ్రీయే చేయండి.

అపోహ: ఉద్యోగం చేస్తూ ఆదివారాలు కేటాయిస్తే చాలు.

చదువుకి చాలు, ఫీల్డ్ వర్క్‌కి చాలదు. బాలల సంక్షేమ కమిటీ ముందు ఒక బిడ్డని ఎలా హాజరుపరుస్తారో చూడాలంటే ఆఫీసు నడిచే రోజునే రావాలి. స్కూల్, పీహెచ్‌సీ, సచివాలయం, ఏది చూడాలన్నా అంతే. మా దగ్గర బాగా నేర్చుకున్న వాళ్లంతా వారానికి ఒక పనిదినం ఎలాగోలా తెచ్చుకున్న వాళ్లే. ఒకాయన నైట్ షిఫ్ట్‌కి మారాడు, ఒకామె తన సెలవులన్నీ దీనికే వాడింది, ఇంట్లో అత్తగారు పిల్లల్ని చూసుకున్నారు. అందుకని అడ్మిషన్ ఫారం నింపకముందే మీ ఊరికి దగ్గర్లో పిల్లలతోనో, వృద్ధులతోనో, టీబీ రోగులతోనో పనిచేసే సంస్థ ఏదైనా ఉంటే ఒకసారి స్వయంగా వెళ్లండి. ఫలానా కోర్సులో చేరాలనుకుంటున్నాను, నన్ను ఫీల్డ్ వర్క్‌కి తీసుకుంటారా, నా రిపోర్టులు వారం వారం చదివి దిద్దే మనిషి మీ దగ్గర ఉన్నారా అని అడగండి. ఉన్నారంటే చేరండి. సంతకం పెట్టేస్తాంలే అని మాత్రమే అంటే ఇంకో సంస్థ వెతుక్కోండి, అవసరమైతే ఒక సెషన్ ఆగండి, జులై పోతే జనవరి ఉంది.