ఎచ్చెర్లలో పిల్లని చదివించాలంటే: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని. మా దగ్గరుండే వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం దగ్గర్లోని ఎచ్చెర్లలో ఉన్న అంబేడ్కర్ యూనివర్సిటీలో చదువుతున్నారు. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రుల నోట కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటుంటాను. వాటిని నమ్మి నిర్ణయం తీసుకునేది పెద్దవాళ్లు, పీజీ రెండేళ్లూ ఆ ఇబ్బంది పడేది పిల్ల.

అపోహ: అంబేడ్కర్ యూనివర్సిటీ అంటే దూరవిద్యే కదా, పరీక్షలకి వెళ్తే సరిపోతుంది.

పేరు వల్ల వచ్చిన తికమక ఇది. హైదరాబాద్‌లో 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వేరు. శ్రీకాకుళానికి 1977లో వచ్చిన ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్‌ 2008లో ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ అయింది. ఇక్కడ రోజూ క్లాసులుంటాయి, ల్యాబులుంటాయి, హాజరు చూస్తారు. ఇదే మండలంలో ఎస్.ఎం.పురంలో ఉన్న ట్రిపుల్ ఐటీ మళ్లీ వేరే సంస్థ. అందులో పదో తరగతి అయ్యాక చేరతారు, ఆరేళ్ల కోర్సు.

అపోహ: ఆడపిల్లలకి బస్సు ఫ్రీ అయింది, ఇంక మా గుంటకి హాస్టల్ ఎందుకు?

ఈమధ్య ఎక్కువగా వింటున్న మాట ఇదే. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు. ఛార్జీలకి వెనకాడే ఇళ్లకి ఇది చాలా పెద్ద మేలు. పొందూరు, లావేరు, రణస్థలం వైపు వాళ్లు రోజూ వచ్చి వెళ్లడం నిజంగానే కుదురుతుంది. కొత్తూరు వైపు నుంచో, పాతపట్నం నుంచో వచ్చే పిల్ల సంగతి వేరు. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగి ఎచ్చెర్లకి ఇంకో బస్సు పట్టుకోవాలి. మొదటిది ఆలస్యమైతే రెండోది వెళ్లిపోతుంది.

అలా కొన్ని నెలలు తిరిగి, తర్వాత మా దగ్గర చేరిన అమ్మాయి ఒకర్తి ఉంది. చీకటితో లేచి, క్యారేజీ కట్టుకుని, బస్సులో నిలబడి వచ్చేది. ఇల్లు చేరేసరికి మళ్లీ చీకటి. హాస్టల్‌కి వచ్చిన కొత్తలో సాయంత్రం రికార్డు రాద్దామని కూర్చుని, చేతిలో పెన్ను ఉండగానే నిద్రలోకి జారిపోయేది. తిండీ నిద్రా కుదిరాక మామూలు మనిషైంది. తెలివి తక్కువేం కాదు, చదవడానికి రోజులో టైమే మిగల్లేదు.

కాబట్టి డబ్బు లెక్క పక్కన పెట్టి, ఒక్క పనిరోజు పిల్లతో పాటు మీరూ ఆ బస్సుల్లో వెళ్లి రండి. ఒకవైపు ప్రయాణం గంటన్నర దాటితే హాస్టలే మేలని నా అభిప్రాయం.

అపోహ: శ్రీకాకుళం నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయి.

వేరే జిల్లాల నుంచి వచ్చేవాళ్లు భయం భయంగా అడుగుతారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్నది ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో. ఉద్దానం జిల్లాకి ఒక చివరైతే, ఎచ్చెర్ల ఇంకో చివర ఉంది. ఉద్దానంలో కూడా కారణం నీళ్లేనని ఇంతవరకూ తేలలేదు. అక్కడి జనం పడుతున్న బాధ నిజం. దాన్ని చూపించి జిల్లా మొత్తానికి ముద్ర వేయడం మాత్రం అన్యాయం.

నాకు భయం వేసేది ఇంకో విషయం. చాలామంది పిల్లలు అసలు నీళ్లే తాగరు. బయట బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని పొద్దున్న ఒక గుక్క తాగి, మళ్లీ సాయంత్రం దాకా సీసా మూత తీయరు. మూత్రంలో మంట, జ్వరం వచ్చినా సిగ్గుపడి చెప్పరు. నెలసరి నొప్పికని మందుల షాపులో కొన్న బిళ్లలు లెక్కాపత్రం లేకుండా వేసేసుకుంటారు. అలా మితిమీరి వాడే నొప్పి బిళ్లలు కిడ్నీలకి హాని చేస్తాయి. హాస్టల్ చూడ్డానికి వచ్చే నాన్నలు ఫ్యానూ మంచమూ చూసి వెళ్లిపోతారు. అమ్మలూ, మీరు లోపలికొచ్చి బాత్రూమ్ తలుపు గడియ పడుతోందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, రాత్రి లైటు వెలుగుతుందా చూడండి. తాగే నీళ్ల ఫిల్టర్ ఎప్పుడు మార్చారో, ట్యాంకు ఎప్పుడు కడిగారో నిలదీసి అడగండి. అడిగితే నొచ్చుకునే వార్డెన్ దగ్గర పిల్లని పెట్టకండి.

అపోహ: నలుగురు కలిసి రూం తీసుకుంటే చవక.

అద్దె వరకూ చవకే. అడ్వాన్సు, కరెంటు, గ్యాసు, బియ్యం కలిపి లెక్కేయండి. పరీక్షల వారంలో వంట ఎవరు చేస్తారో కూడా ముందే అనుకోవాలి.

అపోహ: విశాఖలో చదివితేనే నాలుగూ తెలుస్తాయి, ఇక్కడేముంది?

కథా రచయిత కాళీపట్నం రామారావు గారు, మా కారా మాస్టారు, 1997లో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది. తెలుగు కథల మీద పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వస్తారు. ఇక్కడ ఉండి చదివే పిల్లలు ఒక్కసారైనా వెళ్లకపోతే నాకు మనసు ఊరుకోదు.

అపోహ: అమ్మవారి పండక్కి రెండ్రోజులు ఇంటికొస్తే ఏమైపోతుంది?

పండగ రెండ్రోజులే. ముందు ప్రయాణం, తర్వాత అలసట, మధ్యలో మేనత్త గారి ఊరు కలిపితే వారం అవుతుంది. ఒకే సెమిస్టర్‌లో ఇలాంటి వారాలు మూడు నాలుగు కలిస్తే హాజరు 75 శాతం కంటే కిందికి దిగొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా ఆ హాజరే చూస్తారు. పండగ తేదీ ఊళ్లో ఖాయం కాగానే పిల్లకి ఫోన్ చేసి, ఆ వారంలో ఇంటర్నల్స్ ఉన్నాయేమో అడగండి. ఉంటే పండగ రోజు ఒక్కటే రమ్మనండి, మర్నాడు పొద్దున్న బస్సు మీరే ఎక్కించండి.