పేర్లు తెలుసు, రోగాలు తెలీవు

మా చిన్నమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలాక తిరుపతిలో డాక్టరమ్మ తెల్లకాగితం ముందేసుకుని మగవాళ్లకి డబ్బా, ఆడవాళ్లకి సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత, క్యాన్సర్ వచ్చినవాళ్లకి నలుపు, అలా గీసుకుంటూ పోయి "మీ అమ్మ వాళ్లమ్మ దేంతో పోయారు?" అనడిగింది. ఎవరూ నోరెత్తలేదు. కపిలతీర్థంలో తర్పణం వదిలేటప్పుడు మూడు తరాల పేర్లు గడగడా చెప్పే మా మామ కూడా.

ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. 1866లోనే పారిస్‌లో పాల్ బ్రోకా అనే సర్జన్ తన భార్య తరఫువాళ్లలో తరతరాలుగా వచ్చిన క్యాన్సర్ల లెక్క రాశాడు. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో ఆల్‌డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజిస్టు దగ్గర, బట్టలు కుట్టే ఒకావిడ, తనవాళ్లు చాలామంది కడుపు, పేగు, గర్భసంచి క్యాన్సర్లతోనే పోయారనీ తనూ అలాగే పోతాననీ దిగులుపడింది. అలాగే పోయింది కూడా, చిన్నవయసులోనే, గర్భసంచి క్యాన్సర్‌తో. వార్తిన్ ఆ కుటుంబం కథని 1913లో అచ్చేస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1966లో హెన్రీ లించ్ అనే డాక్టరు ఇలాంటి కుటుంబాల గురించే రాశాకే కదలిక వచ్చింది, వంశంలో ఇలా దిగే క్యాన్సర్ల ముప్పుని ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నారు. జీన్ (జన్యువు) అనే మాటే పుట్టని రోజుల్లో ఆ కుట్టుపని ఆవిడకి తెలిసిందంటే, తనవాళ్లు దేంతో పోయారో ఆమెకి తెలుసు కాబట్టే.

రొమ్ము క్యాన్సర్ సంగతికొస్తే, 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త దానికి కారణమయ్యే జీన్ జాడ 17వ క్రోమోజోమ్ మీద పట్టింది, 1994లో ఆ జీన్, బీఆర్‌సీఏ1, మరుసటేడు బీఆర్‌సీఏ2 దొరికాయి. ఇవి చెడితే రొమ్ముకే కాదు, అండాశయానికీ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. వీటి మీద ఒక కంపెనీ పేటెంట్లు పట్టుకు కూర్చుంటే, సహజంగా ఉన్న జీన్‌కి పేటెంట్ కుదరదని 2013లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ జీన్ల టెస్టు సరే, అది ఎవరికి చెయ్యాలో చాలావరకు ఆ డబ్బాలూ సున్నాలే చెప్తాయి, ఎందుకంటే రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. మన దగ్గర చిక్కంతా అక్కడే. పాతవాళ్లు రాచపుండు అనేవాళ్లు, అది క్యాన్సరో మామూలు పెద్దపుండో ఇప్పుడెవరు చెప్తారు? పెళ్లిసంబంధాలు పోతాయని దాచిపెట్టినవి వేరే. పెళ్లయి ఇంటిపేరు మారిన మేనత్తనైతే లెక్కలోకే తీసుకోం. నిజానికి ఈ జీన్ లోపం నాన్న నుంచి కూడా వస్తుంది, అమ్మ నుంచైనా నాన్న నుంచైనా బిడ్డకి దిగే అవకాశం సగానికి సగం. అన్నట్టు అందరూ మేనరికాన్ని తిడతారు గానీ, బీఆర్‌సీఏ లోపం ఒక్కవైపు నుంచి వచ్చినా చాలు, మేనరికంతో పనిలేదు.

చిన్నమ్మ అక్కణ్ణుంచే పుత్తూరులో ఉన్న వాళ్ల పెద్దమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "మాయమ్మకి జబ్బేం లేదు మే. కడుపుబ్బి, నీళ్లు చేరి, మూణ్ణెల్లు తిండి మానేసి పోయింది. నలభై కూడా నిండలే."

డాక్టరమ్మ పై వరసలో ఉన్న సున్నా పక్కన "అండాశయం" అని రాసి ప్రశ్నార్థకం పెట్టింది.