బుస్సీ అసలు ఇంటిపేరు బుస్సీ కాదు

బొబ్బిలి కథ విన్నవాళ్లకి బుస్సీ దొర గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1757 జనవరిలో విజయనగరం రాజు పక్షాన ఫిరంగులతో బొబ్బిలి కోట మీదికి వచ్చిన ఫ్రెంచి సేనాని ఆయనే. పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిస్సియే, మార్కీ ద బుస్సీ-కాస్తెల్నో. ఇందులో మార్కీ అనేది ప్రభువుల బిరుదు, ఇంటిపేరు పాతిస్సియే, అంటే కేకులూ తీపి రొట్టెలూ చేసేవాడు. బుస్సీ అనేది ఊరి పేరు. మనం వేమూరు వాళ్లని వేమూరి అనీ, కొమ్మూరు వాళ్లని కొమ్మూరి అనీ ఊరి పేరు చివరని కాస్త వంచి ఇంటిపేరు చేసుకుంటాం, ఫ్రెంచివాళ్లు ముందు 'ద' పెట్టి ఆ పని చేస్తారు.

అయితే ఏ బుస్సీ? ఫ్రాన్స్ మ్యాపులో చూస్తే పారిస్‌కి తూర్పున బుస్సీ-సేన్-జోర్జ్, బుర్గోన్‌లో బుస్సీ-ల-గ్రాన్, ఇంకా చాలా కనిపిస్తాయి.

ఇన్ని ఎందుకున్నాయంటే, ఆ పేర్లు ఒకే అచ్చులో పోసినవి. రోమన్ల కాలంలో ఒక ఆసామి భూమికి అతని పేరు పెట్టి, చివర 'ఆకుమ్' అని తగిలించేవారు (గాల్ దేశపు, అంటే నాటి ఫ్రాన్స్ ప్రాంతపు, పాత భాషలోని 'ఆకోస్' ఇది, లాటిన్ వేషం వేసుకుంది). ఆరేలియస్ భూమి ఆరేలియాకుమ్. తర్వాత వందల ఏళ్లు జనం నోట్లో నలిగి, ఉత్తరాన ఆ తోక అరిగిపోయి 'ఈ' అయింది, దక్షిణాన మాత్రం 'ఆక్' దగ్గర ఆగింది. అందుకే పారిస్ విమానాశ్రయం ఉన్న ఓర్లీ, దక్షిణాదిలోని ఓరియాక్, రెండూ ఒకే పేరు! సబీనియస్ భూములైతే దక్షిణాన సావిన్యాక్, ఉత్తరాన సావిన్యీ, పడమట సెవిన్యే అయ్యాయి. నాకు ఇది ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే, ఊరి పేరు చివరి అక్షరం వింటే చాలు, అది ఏ దిక్కుదో చాలావరకు చెప్పేయొచ్చు.

బుస్సీల్లో కూడా కొన్ని ఇలా మనిషి పేరు మీద వచ్చినవి, కొన్ని బుక్సస్ అనే పొద పేరు మీద వచ్చినవి. కాబట్టి ఇద్దరికి బుస్సీ అని ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉండాలని లేదు, వాళ్ల ఊళ్ల పేర్లకి కూడా మూలం ఒకటే కాకపోవచ్చు.

ఇక 'ఆక్' అనగానే గుర్తొచ్చేది కాడిలాక్. నైరుతి ఫ్రాన్స్‌లో 1658లో పుట్టిన ఆంత్వాన్ లోమే జమీందారీ వంశం వాడేమీ కాదు. ఉత్తర అమెరికా చేరాక, తన ప్రాంతంలోని ఒక ప్రభువు బిరుదులని పోలినట్టు, 'ద లామోత్ కాడిలాక్' అని పేరు తగిలించుకున్నాడు. 1701లో డెట్రాయిట్ దగ్గర కోట కట్టించింది ఈయనే. అందుకే 1902లో అదే ఊళ్లో మొదలైన కార్ల కంపెనీకి ఆ పేరు పెట్టారు. మిషిగన్‌లో ఒక పట్టణానికీ అదే పేరు. మెయిన్ రాష్ట్రంలో 466 మీటర్ల ఎత్తున్న ఒక కొండకి కూడా 1918లో కాడిలాక్ అని పేరు మార్చారు, అంతకుముందు దాన్ని అందరూ పచ్చకొండ అనే అర్థంలో గ్రీన్ మౌంటెన్ అనేవారు. లోమే అనే ఇంటిపేరు మాత్రం వీటిలో ఎక్కడా లేదు.